బాపు చెయ్యి వేసిన తాళం

మా బాపు బొగ్గుబాయిలో చాలా ఏళ్లు డ్రిల్లు మిషన్ పట్టాడు. ఆ మిషన్ అదురు ఆయన కుడిచేతిలోనే ఉండిపోయింది. తర్వాత తేలిక పని ఇచ్చి పైన కూర్చోబెట్టారు గానీ చెయ్యి వణకడం మాత్రం మానలేదు. అమ్మ ఆయనకు గ్లాసులో సగమే చాయ్ పోసేది. ఇంటికి ఎవరైనా వస్తే ఆ సగం గ్లాసుతో వంటింట్లోకి వెళ్లి తాగి వచ్చేవాడు. నలుగురిలో కూర్చుంటే అందరినీ నవ్వించే మనిషి అలా గోడవైపు తిరిగి చాయ్ తాగుతుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

నేను డిగ్రీలో ఉండగా కంప్యూటర్ కొన్నాం. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ కిటికీలోంచి వచ్చే బొగ్గు దుమ్ము పడకుండా దాని మీద అమ్మ పాత చీర ముక్క కప్పేవాళ్లం. మొదటిరోజు బాపు మురిపెంగా మౌసు పట్టుకున్నాడు. తెర మీది బాణం ఏ బొమ్మ మీదా ఒక్క క్షణం నిలవలేదు. "ఇది మీ పోరగాండ్లకే" అని నవ్వుతూ లేచాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. నేర్పిస్తానంటే చాలు, ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చేది.

కొన్నాళ్లకు వైఫై డబ్బా వచ్చింది. దానికి తాళంగా, అంటే పాస్‌వర్డ్‌గా, బాపు డ్యూటీ నంబరు పెట్టి, వెనక సున్నాలు చేర్చాను. మహా తెలివి! కంపెనీ దవాఖాన లైన్లో ఆ నంబరు పిలవగా వినని వాళ్లు మా క్వార్టర్ల వరసలో ఎవరున్నారు? సాయంత్రానికల్లా పక్క క్వార్టర్ కాక కొడుకు మా నెట్‌లో సినిమాలు దించుకుంటున్నాడు. నా పేజీలు తెరుచుకోక నేను పళ్లు నూరుతున్నాను.

కాలేజీలో సీనియర్ అక్క ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. అంకెలనూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలనూ వరసంటూ లేకుండా కలిపి ఇస్తుందట. హెక్సాడెసిమల్ అంటారట దాన్ని. మా డబ్బా అడిగే తాళం కూడా ఆ రకందే. "మనం సోంచాయించి పెట్టింది ఎవడో ఒకడు పసిగడ్తడు. దీన్ని ఎవడు పట్టలేడు" అంది అక్క.

నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయాను. చివరికి తెర మీద ఒక ఖాళీ పట్టీ వచ్చింది. అది నిండేదాకా మౌసును అడ్డదిడ్డంగా కదపమని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ కదలికల్లోంచే అంకెలు పుట్టిస్తుందట. నేను ఎంత అడ్డదిడ్డంగా తిప్పుదామన్నా చెయ్యి మళ్లీ మళ్లీ ఒకే గుండ్రానికి వచ్చేది. పట్టీ కాస్త జరిగి ఆగిపోయేది. నాకు తిక్క రేగింది.

ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన బాపు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏందే, దాన్ని గట్ల రుద్దుతున్నవ్?"

"జర నువ్వు పట్టు బాపూ."

"నా చెయ్యి ఆగదు బిడ్డా, నీకెరుకే గదా."

"ఆగొద్దనే అంటున్నది ఇది!"

తన మనసు నొచ్చుకోకూడదని అలా అంటున్నాననుకున్నాడు. తెర మీది మాటలు చదివి అర్థం చెప్పాక గానీ కూర్చోలేదు. మౌసు మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు, అంతే. బాణం వచ్చిన దారిన మళ్లీ రాకుండా సన్నగా ఆడింది. చూస్తుండగానే పట్టీ నిండిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

"ఐపోయిందా? ఇంత జల్దినా?" అన్నాడు. కాసేపు తెర వంక చూసి, "ఇంకోటి చేద్దాం. ఖరాబైతే పనికొస్తది" అన్నాడు. మొదట వచ్చిన తాళాన్ని డబ్బాకు పెట్టి, అవసరం లేకపోయినా ఇంకా చేశాం. ఆ ముఖంలో సంబురం చూసి ఆపబుద్ధి కాలేదు నాకు.

పొద్దుగూకే వేళకు పక్క క్వార్టర్ కాక వచ్చి ముందరింట్లో కూర్చున్నాడు. "అన్నా, మీ నెట్ ఏమైంది? మా పోరడు అన్నం గూడ తింటలేడు" అన్నాడు.

"తాళం ఏసిన," అన్నాడు బాపు. "ఈ చెయ్యితోటే ఏసిన. నీ కొడుకు తలకిందులైనా తియ్యలేడు."

అమ్మ కాకకు చాయ్ తెచ్చి ఇచ్చింది. బాపు సగం గ్లాసు ఎప్పటిలాగే వంటింటి గట్టు మీద పెట్టి వచ్చింది. బాపు లేవలేదు. వణికే చేతిని కుర్చీ చేతి మీద అలాగే ఉంచి, అమ్మతో అన్నాడు.

"నాది గూడ ఈడికే తే. నిండ పొయ్యి."