అవ్వ గొంతుకు సరిపోయే స్పీకర్లు

కంప్యూటరుకు మంచి స్పీకర్లు కొనేవాళ్లు మామూలుగా పాటల మీద ఇష్టంతో కొంటారు. నేను మా చిన్నమ్మ కూతురి మీద కసితో కొన్నాను. దాచేదేముంది, ఆ కసి ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మాది బోధన్. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, దుకాణాల కరపత్రాలు అన్నీ మా ముందుగదిలోని కంప్యూటరులోనే తయారవుతాయి. పని చేసుకుంటూ పాత పాటలు పెట్టుకోవడం నాకు అలవాటు. దానికి పిడికెడంత ప్లాస్టిక్ స్పీకర్లు రెండు ఉండేవి. వాటిలో ఎంత గొప్ప గాయకుడైనా జలుబు చేసినట్టే పాడేవాడు. అయినా ఏళ్ల తరబడి సర్దుకుపోయాను.

మా అమ్మను మేం అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. అవ్వ బతుకమ్మ పాటలు ఎత్తేది, అంటే మొదటి చరణం ఆమె పాడితే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అని అందుకునేవాళ్లు. ఒక ఏడు మా చెరుకుకు నిజాంసాగర్ కాలువ నీళ్లు పారాల్సిన వంతు వచ్చింది. అప్పుడే పైపొలం అతను గట్టు తెగ్గొట్టి నీళ్లన్నీ తన మడికి మళ్లించుకున్నాడు. చెరుకు ఎండింది. బాపు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి వచ్చాడు, ఏమీ కాలేదు. అవ్వ ఎవరితోనూ పోట్లాడలేదు. ఆ ఏటి బతుకమ్మకు సొంతంగా ఒక పాట కట్టి ఎత్తింది. వంతు నీళ్లు దొంగిలించినవాడి కథ అది. అతని భార్య కూడా ఆ గుంపులోనే ఉంది. ఆమె కూడా చప్పట్లు కొట్టి ‘ఉయ్యాలో’ అనాల్సి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్ల పగ అట్లా ఉంటుంది.

అవ్వ పోయే ముందు ఏడు ఆమెను వసారాలో కూర్చోబెట్టి ఆ పాటను నా ఫోన్‌లో రికార్డు చేశాను. ఫోన్ అక్కడే వదిలి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. మా చిన్నమ్మ కూతురు ఆ రోజు అక్కడే ఉంది. నాకు చెల్లెలి వరుస. మా పక్క గల్లీలోనే ఉంటుంది, గొంతు బాగుంటుంది. అవ్వ దగ్గర పాటలు నేర్చుకోవడానికి వచ్చేది.

అవ్వ పోయాక అదే పాట యూట్యూబ్‌లో కనబడింది. డీజే దరువు కలిపారు. మా చెల్లె పట్టుచీర కట్టుకొని కాలువ గట్టు మీద తిరుగుతూ పాడుతోంది. కింద ‘రచన, గానం’ అని తన పేరు వేసుకుంది. నిజామాబాద్‌లో ఎవరో సభ పెట్టి శాలువా కూడా కప్పారు. అవ్వ పేరు ఎక్కడా లేదు.

వెళ్లి అడిగాను. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

“గది నా పాటనే అక్కా. పెద్దమ్మ గసొంటి పాటలు మస్తు పాడేది, గందుకే నీకు గట్ల అనిపిస్తున్నది.”

“అవ్వ కట్టిన పాట అది. నీకు తెల్వదా?”

“ఏదన్న ఉంటె సూపెట్టు మరి.”

ఉంది. ఫోన్‌లోని రికార్డును కంప్యూటరులోకి ఎక్కించి, గల్లీలోని నలుగురు ఆడవాళ్లను పిలిచి ఆ ప్లాస్టిక్ స్పీకర్లలో వినిపించాను. చెల్లెను కూడా పిలిచాను. ఫ్యాను చప్పుడు, బయట చెరుకు ట్రాక్టరు చప్పుడు, వాటి మధ్య సన్నగా గీసినట్టు ఏదో గొంతు. ఆడవాళ్లు తలలు ముందుకు పెట్టి, వెనక్కి పెట్టి విన్నారు. ‘ఏం ఇనవడ్తలేదు బిడ్డా’ అన్నారు. చెల్లె పకపకా నవ్వింది.

“గది పెద్దమ్మనా అక్కా? డబ్బాల ఈగ దూరినట్టున్నది.”

నన్ను అంటే ఊరుకునేదాన్నేమో. చచ్చిపోయిన మా అవ్వను ఈగ అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మరునాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని రికార్డు మొత్తం విన్నాను. అవ్వ గొంతు తెలుస్తోంది. మధ్యలో, నేను చాయ్ కోసం లోపలికి వెళ్లిన తర్వాత, ఇంకో గొంతు కూడా ఉంది. మా చెల్లెదే. అవ్వను ఆపి, తర్వాతి చరణం చెప్పమని అడుగుతోంది. చేతికి చిక్కింది దొంగ!

ఆ ఇయర్‌ఫోన్లే ఒక్కొక్కరి చెవిలో పెట్టొచ్చు కదా అన్నారు మా ఆయన. పెట్టొచ్చు. అట్లా వింటే నిజం తెలుస్తుంది గానీ పరువు పోదు. నాకు దాని పరువు పోవాలి. అందరూ ఒకేసారి, ఒకే గదిలో, దాని ముఖం చూస్తూ వినాలి. అందుకు స్పీకర్లు కావాలి.

నిజామాబాద్ వెళ్లి మొదటి దుకాణంలోనే మోసపోయాను. మోసం వాళ్లది కాదు, నా చెవులది. మా వైపు సౌండ్ బాగుందంటే గుండె అదరాలి, అరలో స్టీలు గ్లాసులు మోగాలి. బరాత్‌లలో, గణపతి ఊరేగింపుల్లో డీజే వింటూ పెరిగినవాళ్లం. దుకాణదారు ఒక పెద్ద బేస్ డబ్బా, దానికి తోడు రెండు చిన్న డబ్బాలు పెట్టి దరువు పాట వేశాడు. కౌంటరు అద్దం వణికింది. ‘ఏక్‌దం ధమాకా మేడం’ అన్నాడు. నేను కూడా అదే మంచిదనుకొని తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి అవ్వ రికార్డు పెడితే చెరుకు ట్రాక్టరు నేరుగా ముందుగదిలోకి వచ్చేసింది. ఇంజను దడదడకు కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. అవ్వ ఆ చక్రాల కింద ఎక్కడో ఉంది. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, “చెరుకు లోడు మంచిగనే దిగుతున్నది. అత్తమ్మ ఏది?” అన్నారు. ఆయన మీద కూడా కోపమొచ్చింది.

ఆ తర్వాత పని మానేసి స్పీకర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. మనిషి గొంతు దరువులో ఉండదు, గజ్జెల సవ్వడిలోనూ ఉండదు, ఆ రెండింటి మధ్యన ఉంటుందని అర్థమైంది. ఆ మధ్య భాగాన్ని శుభ్రంగా పలికేవి కావాలి. అందరూ మెచ్చుకున్న పాట పెట్టి చూస్తే లాభం లేదు, మనకు కావలసిందే పెట్టి చూడాలి. రికార్డులోంచి మా చెల్లె మాట్లాడిన ముక్క ఒక్కటి కత్తిరించి పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, మళ్లీ నిజామాబాద్ బస్సెక్కాను.

దుకాణం తర్వాత దుకాణం తిరిగి ఆ ముక్కే పెట్టించాను. ఒక దాంట్లో మాటలు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి, ఇంకో దాంట్లో ‘స’ అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. ఒకతనికి విసుగొచ్చింది.

“పాట పెట్టుండ్రి మేడం, గీ ముచ్చటేంది?”

“నాకు ముచ్చటనే కావాలె.”

చివరికి బేస్ డబ్బా లేని, చెక్కపెట్టెల జత ఒకటి దొరికింది. చూడ్డానికి ఏమంత గొప్పగా లేవు. అందులో చెల్లె మాట ఎదురుగా నిలబడి అన్నట్టు వినిపించింది. దాని వెనకాలే అవ్వ గాజులు కదిలాయి. పాట ఎత్తే ముందు అవ్వ ఊపిరి పీల్చుకుంది. అవ్వ పోయాక ఆమె ఊపిరి వినడం అదే మొదటిసారి. దుకాణంలోనే కళ్లు తుడుచుకున్నాను. తుడుచుకుంటూనే, ఇప్పుడు చూస్తా దాని సంగతి అనుకున్నాను.

గోడకు ఆనించి పెడితే గొంతు కుండలోంచి వచ్చినట్టుంది, అందుకని బల్లను ముందుకు జరిపాను. స్పీకర్లు చెవి ఎత్తులో ఉండాలని చదివాను. అది కుర్చీల్లో కూర్చునేవాళ్ల కోసం రాసిన మాట. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు నేల మీద కూర్చుంటారు. అందుకే స్పీకర్లను బల్ల మీది నుంచి దింపి రెండు పీటల మీద పెట్టి, మధ్యన కూర్చునేవాళ్ల వైపు తిప్పాను.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, గల్లీ ఆడవాళ్లందరినీ మా ఇంట్లోనే బతుకమ్మ పేర్చుకుందామని పిలిచాను. తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసి ఉన్నాయి. చెల్లె కూడా వచ్చింది. రాకపోతే బాగుండదని వచ్చింది. అందరూ కుదురుగా కూర్చున్నాక లేచి, ఏమీ చెప్పకుండా రికార్డు పెట్టాను.

అవ్వ ఎత్తుకుంది. పూలు తుంచుతున్న చేతులు ఆగిపోయాయి. ఒక ముసలామె “అయ్యో, గిది మీ అవ్వ గొంతే” అంది. రెండు చరణాలయ్యాక ఆ ఇంకో గొంతు వచ్చింది.

“పెద్దమ్మా, జర ఆగు. గట్టు తెగ్గొట్టినంక ఏమొస్తది? మల్లొక్కసారి చెప్పు, మర్సిపోతున్న.”

“నోటికి పట్టుకోవే. నా పాట నా ఎంబడే పోవద్దు.”

అందరూ చెల్లె వైపు చూశారు. దాని ముఖం పసుపు ముద్దలా పాలిపోయింది. నేను కళ్లార్పకుండా చూశాను.

“పెద్దమ్మనే నాకిచ్చింది,” అంది మెల్లగా.

“పాడమని ఇచ్చింది. పేరు ఏసుకొమ్మని ఇయ్యలే,” అన్నాను నేను.

సాయంత్రం బతుకమ్మలను మధ్యలో పెట్టి ఆట మొదలైంది. అవ్వ పోయినప్పటి నుంచి మా గల్లీలో పాటలెత్తేది చెల్లెనే. పరువు నిలబెట్టుకుందామనుకుందో, క్షమించమని అడిగే దారి అదేననుకుందో, అవ్వ పాటే ఎత్తింది. చరణం పూర్తయింది. ఉయ్యాలో అనాల్సిన చోట ఎవరూ అనలేదు. చప్పట్లు కూడా ఆగిపోయాయి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఒట్టు. రెండో చరణం కూడా ఎత్తింది. కాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ముసలామె వేరే పాట అందుకుంది, అందరూ గట్టిగా ఉయ్యాలో అన్నారు. చెల్లె వలయంలోంచి తప్పుకుంది. నా కడుపు చల్లబడింది. అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

చెల్లె యూట్యూబ్‌లోంచి ఆ పాట తీసేసింది. మరుసటి ఏడు బతుకమ్మకు అవ్వ పాట ఎవరూ ఎత్తలేదు. గొడవల పాట మనకెందుకు అన్నారట. నేనెత్తుదామంటే నాకు రాగం నిలవదు. అవ్వ పాట ఇప్పుడు మా ముందుగదిలోనే ఉంది. పని చేసుకుంటూ పెట్టుకుంటాను. చాలా బాగా వినిపిస్తుంది.

మొన్న ఒక మధ్యాహ్నం అట్లాగే వింటుంటే కిటికీ దగ్గర చెల్లె నిలబడింది. అటుగా వెళ్తూ ఆగినట్టుంది. చెంపలు తడిగా ఉన్నాయి.

“అక్కా, ఆపకు. పెద్దమ్మను జరసేపు వింట.”

ఆపేశాను.

అది కదల్లేదు. ఊచలు పట్టుకొని, ఆగిపోయిన చోటి నుంచి పాట అందుకుంది. ఒక్క అక్షరం తప్పలేదు. అవ్వ ఊపిరి తీసుకునే చోటనే ఊపిరి తీసుకుంది. ఏ స్పీకరూ పలకనంత అచ్చంగా అది అవ్వ గొంతు. నాకు ఇంకా మండింది. చరణం అయిపోయి, నా వైపు చూస్తూ ఆగింది. ఉయ్యాలో అన్న మాట నా నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను.