సుగుణక్క మీటల ఫైలు

పోయిన నెల ఆర్మూరు బస్టాండులో దిగి పెర్కిట్ వైపు నడుస్తుంటే, ఒక మోటారు వైండింగ్ దుకాణం ముందు కాలిన వార్నిష్ వాసన ముక్కుకు తగిలింది. పసుపు సీజను. మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్ల మీంచి పచ్చటి దుమ్ము రాలుతోంది, ఊరంతా ఆ ఘాటే. అయినా కాలిన తీగల వాసన దాన్ని తోసుకుని వచ్చింది. నేను అక్కడే ఆగిపోయాను. దుకాణమాయన తలెత్తి "ఏం గావాలె మేడం?" అని అడిగాడు. ఏమీ వద్దని ముందుకు నడిచాను. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు సుగుణక్క గుర్తుకొస్తుంది, గుర్తుకొచ్చిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

సుగుణక్కది నందిపేట దగ్గరి పల్లె. కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబం. ఆ ఇంట్లో మొదట చదువుకున్నది ఆమే, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా. రెండు వేల ఐదారు ప్రాంతంలో ఆర్మూరులో ఎరువుల దుకాణం మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, రైతుల బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ డబ్బాలు తయారు చేసేది. కరెంటు రాగానే ఆ డబ్బా తనంతట తానే మోటారు వేస్తుంది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా, బోర్లో నీళ్ళు అందకపోయినా మోటారును ఆపేస్తుంది. నీళ్ళు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది కదా. ఈ డబ్బాలే ఎందుకు చేస్తున్నావని ఒకసారి అడిగితే, చేతిలో పని ఆపకుండానే చెప్పింది. "మా తమ్ముడు జీతమున్న పటేలు పొలంల మోటార్ ఏయనీకె చీకట్ల పోయిండు. తెగిన తీగె తొక్కిండు. ఇంకెవ్వరు గట్ల పోవద్దని గీ డబ్బా." మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నేను ఆమె దగ్గర పనికి ముప్కాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. డిగ్రీలో కంప్యూటర్లు చదివానని నాకు కొమ్ములుండేవి. మొదటి రోజు "మేడం" అంటే "మేడం ఏందే, అక్కా అను" అంది. ఆ డబ్బాలో ఉండే చిన్న చిప్పుకు ప్రోగ్రాము రాయడం నా పని. అది పదకొండు ఫైళ్ళ ప్రోగ్రాము. ఒక ఫైలు మోటారును నడుపుతుంది, ఒకటి కరెంటును కొలుస్తుంది, ఇంకొకటి డబ్బా మీది చిన్న తెరపై అక్షరాలు చూపిస్తుంది. అయితే అన్ని ఊళ్ళకూ ఒకే డబ్బా పనికిరాదు. భీమ్‌గల్ వైపు బోర్లు తొందరగా అడుగంటుతాయి, అక్కడ నీళ్ళు లేనప్పుడు ఆపే రక్షణ తప్పనిసరి. మా ముప్కాల్‌లో కాలువ నీళ్ళు, దాని అవసరం తక్కువ. నందిపేటలో వోల్టేజీ గోల. ఊరికో ప్రోగ్రాము రాయకుండా, ఒకే ప్రోగ్రాములో "ఈ మీట వేసి ఉంటేనే ఈ ముక్కను కలుపు" అని రాసి పెట్టేవాళ్ళం. మీట వేసి లేకపోతే, ప్రోగ్రామును చిప్పుకు తగ్గట్టు తయారు చేసే కంపైలర్ ఆ ముక్కను అసలు రాయనే లేదన్నట్టు వదిలేస్తుంది. ఆ మీటలన్నీ అక్క ఒకే ఫైలులో పెట్టింది. దానికి పేరు కూడా ‘మీటలు’ అనే పెట్టింది. మిగిలిన ప్రతి ఫైలూ మొదటి వరుసలోనే దాన్ని పిలుచుకోవాలి. ఇంకెక్కడా మీట పెట్టకూడదు.

చేరిన వారానికే నేను ఒక మీటను నా ఫైలులోనే రాసుకున్నాను. అక్క చూసింది.

"మీ ఇంట్ల లైటు మీట ఏడుంటదే?"

"గోడకు."

"ఫ్యాన్‌ది?"

"గాడనే."

"మరి ఒకటి గోడకు, ఒకటి మంచం కింద, ఒకటి జామచెట్టుకు ఎందుకు పెట్టలే? మీ నాయనకు తెల్వదనా?" నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "పదకొండు ఫైళ్ళు ఒక్క మాట మీదుండాలె పద్మా. ఒకటి అవునని, ఇంకోటి కాదని అన్నయనుకో, కంప్యూటర్ నిన్నేమనది. డబ్బా పోయి పొలంల కూసున్నంక తెలుస్తది నీ సంగతి."

ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఏ మీట మార్చినా, అంతకుముందు తయారైనవన్నీ తుడిచేసి పదకొండు ఫైళ్ళనూ మొదటినుంచి కంపైలు చేయాలి. మా పాత కంప్యూటర్ మూలుగుతూ ముక్కుతూ అది ముగించేసరికి కింద హోటల్లో చాయ్ తాగి రావచ్చు. తరువాత ఏ మీటలు వేసి ఉన్నాయో చీటీ రాసి, సంతకం పెట్టి, డబ్బా మూత లోపల అంటించాలి. నాకిదంతా చాదస్తం అనిపించేది. "అక్క ఇంకో రెండు రోజులైతే చిప్పుకు కుంకుమబొట్టు గూడ పెడ్తది" అని, డబ్బాలు బిగించే మల్లేశన్నతో వేళాకోళం చేసేదాన్ని.

ఆ ఏడు మాఘంలో భీమ్‌గల్‌కు పన్నెండు డబ్బాలు పోవాలి. డబ్బాలను బల్ల మీద పరీక్షించడం పెద్ద తలనొప్పి. బల్ల మీద నీళ్ళెక్కడివి? మోటారు తిరగ్గానే నీళ్ళు లేవని రక్షణ దాన్ని ఆపేస్తుంది, మిగతావేవీ చూడనివ్వదు. అందుకని ‘పరీక్ష’ అని ఒక మీట ఉండేది. అది వేస్తే ఆ రక్షణ పక్కకు తప్పుకుంటుంది, తెర మీద కూడా ‘పరీక్ష’ అని పడుతుంది. మీటల ఫైలులో దాన్ని వేసి, పరీక్షించి, తీసేసి, ప్రతిసారీ అన్నీ తుడిచి మళ్ళీ కంపైలు చేయాలి. రెండుసార్లు చేశాను. మూడోసారి బద్ధకించి, మోటారు ఫైలు నెత్తిన ‘పరీక్ష’ మీటను ఒక్క వరుస రాసుకున్నాను. ఆ ఒక్క ఫైలే కంపైలయ్యింది. చాయ్ చల్లారకముందే పని అయిపోయింది. భలే తెలివి అనుకున్నాను. ఆ వరుస తీసేయడం మరిచిపోయి, పన్నెండు డబ్బాల్లోనూ అదే ఎక్కించాను.

ఇక మోటారు ఫైలు దృష్టిలో అది పరీక్ష, రక్షణ లేదు. తెర ఫైలు దృష్టిలో అది అసలు పొలం, అంతా భద్రం. ‘నీళ్ళ రక్షణ ఉంది’ అని తెర మీద చక్కగా చూపించింది. మూతల లోపల చీటీలు కూడా నేనే రాసి సంతకం పెట్టాను.

నెల తిరిగేసరికి భీమ్‌గల్ నుంచి లింబన్న వచ్చాడు. ఆ ఊళ్ళో మా డబ్బాను మొదట నమ్మి పెట్టుకున్న రైతు ఆయనే, పది మందికి చెప్పి పెట్టించింది కూడా ఆయనే. భుజం మీది గోనెసంచిలోంచి నల్లగా మాడిన తీగల చుట్టను తీసి నా బల్ల మీద పెట్టాడు. గదంతా ఆ వాసన. "చూడు బిడ్డా. బోర్ల నీళ్ళు దిగినయి, గీ డబ్బా ఆపలే. పైన తెర మీద అంత మంచిగుందనే చూపెట్టింది. వరి పొట్ట మీదున్నది, మోటార్ లేకపాయె" అన్నాడు.

ఆయన గొంతులో కోపం కూడా లేదు. సమాధానం కావాలంతే. అప్పటికి నా తప్పు నాకు తెలియదు, కానీ ఎక్కడో అనుమానం గీరింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. "డబ్బా ఆపకపోవుడేంది? నువ్వే తీగెలు కలిపి డైరెక్టు ఇచ్చినట్టున్నవు" అన్నాను. రైతులు అలా ఇవ్వడం మామూలే. నీళ్ళు కొద్దిగా ఉన్నా మోటారు ఆగిపోతోందని డబ్బాను తప్పించి తీగలు కలిపేవాళ్ళు. అందుకే ఆ అబద్ధానికి అంత బలం.

"నేను డైరెక్టు ఇయ్యలే బిడ్డా. తీగె ముట్టలే."

అప్పుడే అక్క ఆ మాటలు వింటూ మెట్లెక్కి వచ్చింది. నన్ను చూసింది. "అన్ని మీటలు చూసుకున్నవా?" అని అడిగింది. చూశానన్నాను. ఆమె లింబన్న వైపు తిరిగింది. ఆయన వెంట వచ్చిన ఇద్దరు రైతులు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "పెద్దమనిషివి, ఉన్నదున్నట్టు చెప్పాలె గదనే. పెట్టుకున్నవాళ్ళు గూడ గిట్ల అబద్ధమాడితే ఇంగ నేనెవ్వరి కోసం చేయాలె?" అంది. లింబన్న తీగల చుట్టను సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఫైలు తెరిచి ఆ వరుసను చూశాను. గబగబా తీసేశాను. ప్రోగ్రాము ఇంకా బాగు చేశానని అక్కకు చెప్పి, భీమ్‌గల్ వెళ్ళి మిగిలిన పదకొండు డబ్బాల్లో కొత్తది ఎక్కించి వచ్చాను. లింబన్న తన డబ్బాను అప్పటికే పీకేశాడు. మళ్ళీ చీకట్లో తానే పోయి మోటారు వేసుకుంటున్నాడని పక్క రైతు చెప్పాడు. విన్నాను, బస్సెక్కాను. ఎంత నీచం! యంత్రాలను సరిదిద్దడానికి పదకొండు పొలాల గట్లు తిరిగిన దాన్ని, ఒక్క గుమ్మంలోకి మాత్రం పోలేకపోయాను.

ఆ తరువాత అక్క మారింది. రైతులు విప్పకుండా డబ్బాలకు సీళ్ళు వేయడం మొదలుపెట్టింది. ఎవరైనా రైతు వచ్చి మొర పెట్టుకుంటే ముందు అనుమానంగా చూసేది. "మనోళ్ళకు ఎంత చేసినా గంతేనే. తీగెలు కలుపుకుంటరు, మనల్నంటరు" అనేది. తమ్ముడిలాంటి వాళ్ళ కోసమని మొదలుపెట్టిన మనిషి వాళ్ళనే నమ్మడం మానేసింది. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, "మా పద్మ చెయ్యివడితే మీట తప్పదు" అని పొగిడేది. అప్పుడు నాకు నేల చీలి లోపలికి పోవాలనిపించేది. అయినా నోరు తెరవలేదు. ఒకటి కాదు, మూడేళ్ళు.

హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయే ముందు రోజు ఆమె నాకు అన్నం పెట్టింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. కంచం పక్కకు జరిపింది.

"లింబన్నకు చెప్పినవా?"

"లేదక్కా. ముందు నీకు చెప్దామని..."

"నాకెందుకే? పది మంది ముంగట అబద్ధాలకోరు అనిపిచ్చుకున్నది నేనా? ఆయనను అన్నది నేను, అనిపిచ్చింది నువ్వు. పొద్దుగాల ఫస్టు బస్సుకు రా."

తెల్లారి ఇద్దరం భీమ్‌గల్ పోయాం. లింబన్న ఇంట్లో ఆయన భార్య గంగవ్వ ఒక్కతే ఉంది, మక్కలు ఒలుస్తోంది. లింబన్న జ్వరమొచ్చి పోయి ఎనిమిది నెలలైందని చెప్పింది. అక్క నిలబడే, చేతులు జోడించి, "అవ్వా, తప్పు మాదే. మోటార్ మా డబ్బాతోనే కాలింది. లింబన్న నిజమే చెప్పిండు" అంది. మాది కాదు, నాది అన్నాను నేను. ఏ వరుస ఎందుకు రాశానో, ఆ రోజు ఎందుకు బొంకానో ఆమెకు తెలిసే మాటల్లో చెప్పాను.

గంగవ్వ చేతిలోని మక్కకంకిని చేటలో పెట్టింది. "పోయే దాంక గదే అన్నడు, బిడ్డా. నేను తీగె ముట్టలేదే, గంగూ, అనుకుంట. ఊరోళ్ళు నవ్విన్రు. సదువుకున్నోళ్ళు ఎందుకు తప్పు చెప్తరని నేను గూడ నమ్మలే. ఊకో, ఇంగ శాలు, ఎన్ని దినాలు గదే ముచ్చట అని కసిరిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు గీ మాట నేనెవ్వరికి చెప్పాలె?"

ఆ రోజు సాయంత్రం దాకా అక్క నన్ను వెంటబెట్టుకుని భీమ్‌గల్‌లో డబ్బాలున్న ఇల్లిల్లూ తిప్పింది. ప్రతి గుమ్మంలోనూ నాతోనే చెప్పించింది. తిరుగు బస్సులో ఒక్క మాట అంది. "గీయింతతోని అయిపోలే. ఏడికి పోయినా చెప్పాలె. ఆయన పేరు వెట్టి చెప్పాలె."

సుగుణక్క ఇప్పుడు లేదు. పోయేవరకూ డబ్బాలు చేస్తూనే ఉంది, రైతు మాటను ముందు నమ్మి తరువాతే ప్రోగ్రాము తెరిచేదని మల్లేశన్న చెప్పాడు. నేను ఇవాళ వందల ఫైళ్ళున్న ప్రోగ్రాముల మీద పని చేస్తున్నాను. మీటలన్నీ ఒకే చోట ఎందుకుండాలని నా దగ్గరికొచ్చే పిల్లలు అడిగితే, పాఠం చెప్పను, ఈ సంగతే చెబుతాను. కొందరు నన్ను వేరేగా చూస్తారు. చూడనీ. గంగవ్వ అడిగినదానికి నాకు దొరికిన జవాబు ఇదొక్కటే, అదీ ఆమెకు ఏ మాత్రం పనికిరాదు. మీరు భీమ్‌గల్ ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు, అయినా మీకూ చెబుతున్నాను. లింబన్న డైరెక్టు ఇవ్వలేదు. ఆయన తీగ ముట్టలేదు.