అయ్యగారు కళ్లు మూసుకుని ఇచ్చిన బాప్తిస్మం

ఆ రోజుల్లో, అంటే ఫోనులో డేటా చవకైపోయి ప్రసంగాలు ఇరవై నాలుగు గంటలూ దొరకడం మొదలైన కొత్తలో, దేవుడికి ఏమేమి నచ్చవో నాకు దేవుడికంటే బాగా తెలుసు. ఇరవయ్యేళ్లవాడిని. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నానని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. నేను మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దున ఒక బోధకుణ్నీ, సాయంత్రం ఆయన్ని ఖండించే ఇంకో బోధకుణ్నీ వింటూ, ఇద్దరూ చెప్పింది నిజమేనని నమ్ముతూ తిరిగేవాడిని. మా కోటబొమ్మాళి సంఘంలో ఎవరేం చేసినా అందులో నాకు ఒక వాక్యవిరుద్ధం కనిపించేది. క్రిస్మస్‌కి నక్షత్రం కడితే ఎందుకన్నాను. పాటలకి తబలా తీసేసి ప్యాడ్లు పెడితే ఎందుకన్నాను. ప్యాడ్లు పాడైపోయి మళ్లీ తబలా పెడితే అప్పుడూ ఎందుకన్నాను. మా సంఘం చాలా ఓర్పు గలది. (ఇప్పుడు సండే స్కూల్లో పెద్ద పిల్లలకి పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఆ ఓర్పు ఎంత పెద్దదో నాకు తెలుస్తోంది.)

అలాంటి రోజుల్లోనే నా బాప్తిస్మం వచ్చింది. మా సంఘంలో పసిపిల్లలకి నీళ్లు చిలకరించే ఆచారం లేదు. పెరిగి, నమ్మి, నోటితో ఒప్పుకున్నవాళ్లని నిండా ముంచుతారు. అందుకోసం రేకుల గుడి వెనకాల మెట్లు కట్టిన సిమెంటు తొట్టి ఉంది. మా తాత అందులోనే మునిగాడు, మా నాన్నా అందులోనే. నాకు మాత్రం ఆ వారమే ఒక బోధకుడు ఫోనులో కనిపించి, నిలవ నీళ్లలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదనీ, యొర్దాను పారే నది గానీ పైపు పెట్టి నింపిన తొట్టి కాదనీ చెప్పాడు. ఇక నేను ఊరుకుంటానా. ఆదివారం ఆరాధన అయిపోగానే అందరి ముందూ లేచి, నాకు సముద్రంలో ఇస్తేనే తీసుకుంటానని ప్రకటించాను. మా నాయనమ్మ చాప మీద నుంచే నన్ను ఎగాదిగా చూసింది.

"ఒరే, మీ తాత ఆ తొట్లోనే మునిగినాడు. ఆయన పరలోకం ఎల్లినాడా, మద్దిలో ఎక్కడైనా దిగిపోనాడా, సెప్పు."

నేను జవాబు చెప్పబోయాను. నిజానికి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, దానికో వీడియో కూడా ఉంది. అయ్యగారు (మేం పాస్టరుగారిని అలాగే పిలుస్తాం) నవ్వి, సరే భావనపాడు వెళదాం, సముద్రమూ దేవుడిదే కదా అన్నారు. ఆయన సన్నగా, గాలికి వంగే మనిషి. ఆయనకి ఒక అలవాటు ఉండేది. ప్రార్థన మొదలుపెడితే కళ్లు గట్టిగా మూసుకునేవారు. మళ్లీ ఆమేన్ అన్నాకే తెరిచేవారు. ఒకసారి ఆయన ప్రార్థిస్తుండగా మేక ఒకటి లోపలికొచ్చి, బల్ల మీద పూలన్నీ తినేసి వెళ్లిపోయింది. ఆయన ఆమేన్ అని కళ్లు తెరిచి, పూలేవని అడిగారు.

ఆటోల్లో వెళ్లాం. భావనపాడులో మాకు తెలిసిన మనిషి ఒకావిడ ఉంది. రోజు విడిచి రోజు తట్ట పట్టుకుని మా వీధికి వచ్చే చేపలప్ప. ఆవిడకీ మా నాయనమ్మకీ చేపలకంటే కబుర్లు ఎక్కువ. మేం ఒడ్డుకి చేరేసరికి ఆవిడ కొడుకుతో కలిసి ఇసకలో చేపలు ఆరబెడుతోంది. ఆవిడ 'పెద్దోడు' అని పిలిచే ఆ కొడుక్కి ముప్పై దాటి ఉంటాయి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ ఏడాది వాళ్ల గంగమ్మ పండగలో ఘటం (అమ్మవారి కుండ) నెత్తిన ఎత్తే వంతు అతనిదట. ఘటం ఎత్తడమంటే ఆ ఊళ్లో మామూలు విషయం కాదు. ఎత్తేవాడు ముందు నుంచీ నియమంలో ఉండాలి, నీచు నోట పెట్టకూడదు, మైల తగలకూడదు. వాళ్ల నాన్న పోయాక ఆ వంతు ఇంటికి రావడం అదే మొదటిసారని చెబుతూ చేపలప్ప పొంగిపోయింది. తర్వాత కెరటాల వైపు చూసి, ఇవాళ సముద్రం కుదురుగా లేదు, కాసేపు ఆగి దిగండి అంది. విశ్వాసి అలలకి భయపడకూడదని నేను ఆవిడకి వివరించాను.

నడుం లోతు నీళ్లలో అయ్యగారూ నేనూ నిలబడ్డాం. ఒడ్డున సంఘం పాట ఎత్తుకుంది. మా మావయ్య కొడుకు నా ఫోనుతో వీడియో తీస్తున్నాడు (స్టేటస్‌లో పెట్టాల్సిన వాక్యం కూడా ముందే రాసి ఉంచాను). అయ్యగారు నా మెడ వెనక చెయ్యి వేసి, ప్రభువును నీ స్వంత రక్షకుడిగా నమ్ముతున్నావా అని అడిగారు. ఆ ప్రశ్నకి లోకంలో అందరూ చెప్పే జవాబు ఒకే ఒక్క మాట, నమ్ముతున్నాను అని. నేను ప్రవక్తల దగ్గర నుంచి మొదలుపెట్టాను. పాతనిబంధనలో నీళ్ల గురించి ఎక్కడెక్కడ ఉందో చెప్పుకుంటూ ఎర్రసముద్రం దాకా వచ్చాను. అయ్యగారు ఓపికగా తల ఊపుతూ, ఇక ముగిసిందనుకున్నారేమో, కళ్లు గట్టిగా మూసుకుని కుడిచెయ్యి ఎత్తి "తండ్రి యొక్కయు" అన్నారు. అప్పుడే కెరటం వచ్చింది.

నేను ఆయన చేతిలోంచి జారిపోయాను. నీళ్లలో పల్టీలు కొడుతూ, ఇదే నా అంతమనుకుని దేవుడికి నా ఆత్మను అప్పగించుకున్నాను. కళ్లు తెరిస్తే మోకాలి లోతు నీళ్లలో కూర్చుని ఉన్నాను. ఇంతలో, నేను కొట్టుకుపోతున్నాననుకుని పెద్దోడు నీళ్లలోకి దూకాడు. అయ్యగారు కూడా పడి లేచారు గానీ కళ్లు మాత్రం తెరవలేదు. తడుముకుంటే చేతికి ఒక మెడ తగిలింది. "కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున" అంటూ ఆ మెడని నిండా ముంచి, పైకి లేపి, ఆమేన్ అన్నారు. ఒడ్డున ఎవరో అలవాటు కొద్దీ హల్లెలూయ అన్నారు. అయ్యగారు కళ్లు తెరిచారు. ఆయన ఎదురుగా నీళ్లు కక్కుతూ, బిత్తరపోయి, గంగమ్మ ఘటం ఎత్తాల్సిన మనిషి నిలబడి ఉన్నాడు.

పాట ఆగిపోయింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. మత మార్పిడి గొడవలని ఫోనుల్లో రోజూ ఏదో ఒకటి చూస్తున్న కాలం. మావాళ్లలో ఆడవాళ్లు సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల పెద్దాయన ఒకరు ముందుకొచ్చి అయ్యగారి ఎదుట నిలబడ్డాడు. ఆయన కోపంగా లేడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"బాబూ, మాకు తగువొద్దు. నియమంలో ఉన్న మనిషి మీద మీ మంత్రం పడ్డాది. ఈడు ఇప్పుడు మా వోడా, మీ వోడా? మీ వోడైతే ఘటం ఇంకోడికి ఇచ్చీవాల."

పెద్దోడు అయ్యగారి నోటి వైపే చూస్తున్నాడు. తండ్రి తర్వాత ఇన్నాళ్లకి వచ్చిన వంతు ఆ ఒక్క మాట మీద ఉంది. సరిగ్గా అప్పుడు నేను (దేవుడు నన్ను క్షమించుగాక) తడిబట్టలతో ముందుకొచ్చి, అభిషేకం పొందిన సేవకుడు, త్రియేక దేవుని నామం, నిండా మునక, ఈ మూడూ ఉన్నాయి కాబట్టి వాక్యప్రకారం ఇది చెల్లుతుందని మొదలుపెట్టాను. మాట పూర్తికాకముందే నాయనమ్మ నా చెవి పట్టుకుంది.

"నువ్వు నోరు ముయ్యిరా. ఆ నోరే ఇంతకీ తెచ్చింది."

అయ్యగారు నా వైపు చూడను కూడా లేదు. పెద్దాయనకి చేతులు జోడించారు.

"మీ వాడే బాబూ. మా బాప్తిస్మం అడిగినవాడికే. మా గ్రంథంలో ఐతియొపీయుల మంత్రి ఒకాయన ఉన్నాడు, రథం ఆపించి, నీళ్లు చూపించి, తనే అడిగి తీసుకున్నాడు. అడగనివాణ్ని నేను ముంచితే అది ఉత్త సముద్రస్నానం. తప్పు నాది. కళ్లు మూసుకున్నాను. మన్నించండి."

నాకైతే మా అయ్యగారు చేతికొచ్చిన ఆత్మను వదిలేసుకున్నారనిపించింది. అంతలో చేపలప్ప గుంపుని తోసుకుంటూ వచ్చింది.

"ఏటి మావా, సముద్రం ముంచినోళ్లందరూ కిరస్తానోళ్లయిపోతే మన ఊళ్లో ఇప్పుడు ఒక్క హిందువైనా ఉండునా? ఈడు పుట్టిన కాడి నుంచి మునుగుతానే ఉన్నాడు. పసుపునీళ్లు పోసీండి, సరిపోతాది."

ముందు పెద్దాయన నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. బిందెడు పసుపునీళ్లు తెచ్చి పెద్దోడి నెత్తిన పోశారు. ఒకే పూట ఇన్ని శుద్ధులు జరిగితే జలుబు సేస్తాదే అని అతను గొణిగాడు. అయ్యగారు ఆ పసుపునీళ్లు అయ్యేదాకా పక్కనే తలవంచి నిలబడ్డారు. తర్వాత నన్ను పిలిచి, ఆ వీడియో తీసెయ్యి బాబూ, చూసేవాళ్లు రేపు దీనికి ఇంకేదో పేరు పెడతారు అన్నారు. ఫోను చేతిలోకి తీసుకున్నాను గానీ నా వేలు కాసేపు ఆగింది. అలాంటి వీడియోని ఎంతమంది చూసేవారో నాకు తెలుసు. కానీ పెద్దోడు నా పక్కనే నిలబడి, జుట్టులోంచి పసుపునీళ్లు కారుతుండగా, స్క్రీన్ మీద తన మునకనే చూస్తున్నాడు. తీసేశాను.

ఇక ఇంటికే అనుకున్నాను. పెద్దోడే అయ్యగారి దగ్గరికి వచ్చాడు. "బాబూ, మీ కుర్రోడి పని ఉండిపోయింది కదా. నాను మీ ఎనకాల నిలబడతాను. కెరటం ఎల్లిపోయాక సెప్తాను, అప్పుడు కానీండి. కళ్లు మాత్రం మూయకండి."

మళ్లీ దిగాం. అయ్యగారు ప్రశ్న అడిగారు. నేను నోరు తెరిచి, వెనక్కి కెరటాల వైపు చూసి, "నమ్ముతున్నాను" అన్నాను. ఒడ్డున మా నాయనమ్మ గట్టిగా స్తోత్రం చెప్పింది. ఒక కెరటం వెళ్లిపోయింది. "ఇప్పుడు కానీండి" అన్నాడు పెద్దోడు, అయ్యగారి భుజాలు రెండూ పట్టుకుని. అయ్యగారు కళ్లు విప్పార్చి, నన్నే చూస్తూ, నన్నే ముంచారు. నేను పైకి లేచేసరికి నాకు మొదట కనిపించింది ఆయన కళ్లే. అంతవరకూ ఆ కళ్ల రంగేమిటో నాకు తెలియదు.

పండగకి పెద్దోడు ఘటం ఎత్తాడు. మర్నాడు చేపలప్ప మా ఇంటి అరుగు మీద కూర్చుని, కొడుకు ఎలా నడిచాడో, ఎక్కడ ఆగాడో, నాయనమ్మకి మధ్యాహ్నం దాకా చెప్పింది. నాయనమ్మ వింటూ మధ్యమధ్యలో కళ్లు తుడుచుకుంది. నేను ఇయర్‌ఫోన్లు తీసి విన్నాను.

నా బాప్తిస్మం ఎక్కడ జరిగిందని సండే స్కూలు పిల్లలు అడిగితే, భావనపాడు సముద్రంలో, గంగమ్మ ఘటం ఎత్తే అన్న మా అయ్యగారిని పట్టుకుని నిలబెడితే జరిగిందని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం ఒక్కోసారి ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. వాడు ఇప్పుడు ఎదురుపడితే, పసుపునీళ్ల మనిషి చెయ్యి తగిలిన బాప్తిస్మం చెల్లదని వాక్యం తీసి మరీ నిరూపిస్తాడు. నేను వాడితో వాదించను. కూర్చోబెట్టి, ముందు ఒక గ్లాసు మజ్జిగ ఇస్తాను. చాలాసేపు మాట్లాడతాడు పాపం, గొంతు ఎండిపోతుంది.