ఆరో బీరువా దగ్గర మెట్టు

దయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. రెండు పూటలా ప్రార్థన చేసుకునే కుటుంబం మాది. పైగా లైబ్రేరియన్ ఉద్యోగం. ఎవరేం చెప్పినా ఆధారం ఎక్కడుందని అడిగే పాడలవాటు నాది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బందరులో మా కాలేజీ లైబ్రరీని బాగుచేయించాలనుకున్నారు. ప్లాను పని నాకప్పగించారు. ఆ ఏడాది బేబీరాణి అని చూపులేని అమ్మాయి బి.ఏ.లో చేరింది. పాలకాయతిప్ప వైపు చేపల వేట మీద బతికే కుటుంబం.

"ఒక్కసారైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి రావాలనుందండీ" అంది నాతో.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పిల్లకి విడిగా ఓ మూల ఇవ్వడం కాదు, అందరూ నడిచే దారే అందరికీ పనికిరావాలనుకున్నాను. గుమ్మం దగ్గర మెట్ల బదులు వాలు దారి, బీరువాల మధ్య చక్రాల కుర్చీ పట్టేంత చోటు, కాలికి తెలిసేలా నేలలో గరుకు రాళ్ల వరస.

ఆ వరస ఎక్కడ వెయ్యాలో తేల్చుకోవడానికి, ఓ వేసవి మధ్యాహ్నం కళ్లకు తువ్వాలు కట్టుకుని నేనే నడిచాను. సెలవులు కాబట్టి లోపల ఎవరూ లేరు. అటెండరు కోటేశ్వరరావు బయట స్టూలు మీద కూర్చున్నాడు. బీరువాలు తడుముతూ లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు దాటాక ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. కోటేశ్వరరావే అనుకున్నాను.

"మెట్టుందమ్మా, చూసుకో."

ముసలి గొంతు. అక్కడ మెట్టు లేదు, ఏళ్ల తరబడి నేను నడుస్తున్న నేలే అది. అయినా నా కాలు జానెడు కిందికి దిగింది.

తువ్వాలు లాగేశాను. రెండు కాళ్లూ చదును నేల మీదే ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. కోటేశ్వరరావు బయటే పేపరు చదువుకుంటున్నాడు. నా జాకెట్టు చెయ్యి మోచేతి దగ్గర తడిసి ఉంది. ఆ ఎండల్లో అక్కడికి నీళ్లెక్కడివి? ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను సెలవు పెట్టమంటారని, ప్లాను అటకెక్కిస్తారని భయం.

నెల తర్వాత గరుకు రాళ్లు వెయ్యడానికి ఆరో బీరువా జరిపి తవ్వితే, అడుగున నాపరాయి మెట్టొకటి బయటపడింది.

"ఉప్పెన నీళ్లొచ్చిన బిల్డింగండీ. పాత నేల పగలగొట్టకుండా దానిమీదే ఎత్తు లేపుకుంటా పోయారు. ఇక్కడందరూ చేసేదే కదండీ" అన్నాడు మేస్త్రి మామూలుగా.

మెట్టు పూడ్పించి, గరుకు రాళ్ల వరసని అవతలి గోడ వైపుకి మార్పించాను. భయపడే మార్చాను, దాచుకోవడం ఎందుకు.

లైబ్రరీ తెరిచిన రోజు బేబీరాణి గుమ్మం దగ్గర్నుంచి ఒక్కతే బయలుదేరింది. నేనూ కోటేశ్వరరావూ నా టేబుల్ దగ్గర పక్కపక్కనే నిలబడి చూస్తున్నాం. సగం దారిలో ఒక్క క్షణం ఆగింది. మోచెయ్యి కాస్త పక్కకి పెట్టి, మళ్లీ నడిచింది. ఆమె పక్కన ఎవరూ లేరు.

దగ్గరికొచ్చాక ఆమె మొహం చిన్నబోయింది.

"ఒక్కదాన్నే వస్తానని చెప్పాను కదండీ. మరి ఆ పెద్దాయన్ని ఎందుకు పంపారు?" అంటూ తడిసిన మోచెయ్యి చున్నీతో తుడుచుకుంది.

నా పక్కన కోటేశ్వరరావు బిగుసుకుపోయాడు.

"నేనే పంపానమ్మా, తప్పయింది" అన్నాను. నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆ చెయ్యి ఎవరిదో ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.