నా భార్య సర్దిన కారు రేడియోలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కాశీబుగ్గలో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. అప్పట్లో విశాఖ నుంచి జపాన్ కారు రేడియోలు, వాడేసినవి, వచ్చేవి. డ్రైవర్లు ముచ్చటపడి కొనుక్కునేవారు. తీరా బిగించాక ఎఫ్ఎంలో గరగర తప్ప ఏమీ వినబడేది కాదు. ఆ రేడియోల ముల్లు తొంభై దగ్గరే ఆగిపోతుంది. మాకు అందే బరంపురం స్టేషనేమో నూరు దాటాక ఉంటుంది. లోపలున్న సన్నటి రాగితీగ చుట్లను కాస్త ఎడం చేస్తే ఆ స్టేషను పలుకుతుంది. పలాస చుట్టుపక్కల ఆ పని నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ణి.

నిజానికి నాకూ సరిగ్గా రాదు. స్క్రూడ్రైవరుతో జరిపితే పాట వచ్చేది, స్క్రూడ్రైవరు తీయగానే పోయేది. ఒక్కోదానికి పూట పట్టేది.

నా భార్య పెళ్లికి ముందు జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసేది. ఒక మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, నా అవస్థ చూస్తూ నిలబడింది.

"ఇనుం తగిల్తే ఒకలాగ, తీసేత్తే ఇంకోలాగ పలుకుతంది మావా. ఇనుంతో ఎందుకు ముట్టుకోడం?" అని చీపురులోంచి కొబ్బరి ఈనె విరిచింది. "ఏదీ, నన్ను సూడనీ."

నవ్వి పక్కకి జరిగాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపే ఒడియా పాట మొదలైంది. ఈనె తీసినా ఆగలేదు. "బాగుంది" అన్నాను గానీ క్యారేజీ సగంలోనే మూసేశాను.

నెల తిరక్కుండా టెక్కలి, నందిగాం డ్రైవర్లు కూడా వచ్చి, "అప్ప లేదేటి బావా?" అని నా భార్య కోసం అడగడం మొదలెట్టారు. నేనే నేర్పానని చెప్పుకునేవాణ్ణి. ఎవరూ పట్టించుకోలేదు.

ఒకసారి అక్కుపల్లి నుంచి చేపల జీపు డ్రైవరు వచ్చాడు. ఆమె ఇంట్లోనే ఉన్నా, పుట్టింటికి వెళ్లిందని చెప్పేశాను. ఈనె తీసుకుని నేనే మొదలెట్టాను. ఆత్రంకొద్దీ గట్టిగా నొక్కాను. తీగ తెగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఊరెల్లిందన్నావు గదేటి బావా!" అన్నాడతను.

ఆమె నా ముఖం చూసింది. పెన్ను రీఫిల్లు మీద కొత్త తీగ చుట్టి, నాచేతే సోల్డరింగు పెట్టించి, ఈనెతో సర్దింది. పాట పలికింది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు.

"ఎందుకలా సెప్పినావు?" అంది అప్పుడు.

"అందరూ నీకోసమే వత్తన్నారు. కడుపు మండతంది" అన్నాను.

"నీకు కడుపు మండితే నాను మానెయ్యాలేటి? మాన్ను."

మర్నాడు ఆమె కోసం ఇంకో కుర్చీ తెచ్చి వేశాను. అసూయ పోయిందా అంటే పోలేదు. పక్కనే పాట పలికినప్పుడల్లా తల దించుకుని టేపురికార్డరు విప్పుతూ కూర్చునేవాణ్ణి. నేర్పమని నోరు తెరిచి అడగడానికి ఏడాది పట్టింది.

"ముందు ఆ సెయ్యి బిగబట్టడం మానుకో" అంది.