కట్టేసిన కాలువ

నిడదవోలు దాటుతుంటే రైలు కిటికీలోంచి ఎండిన కాలువ మట్టి వాసన వచ్చింది. నా ఆరేళ్ళప్పటి వేసవి గుర్తొచ్చింది.

ఈత నేర్పిస్తానని రోజూ ఊరించే నాన్న, ఒక సాయంత్రం అమ్మనీ నన్నూ స్కూటర్ మీద కాలువకి తీసుకెళ్ళాడు. తీరా చూస్తే చుక్క నీరు లేదు.

“కాలువ కట్టేశారమ్మా. జూన్‌లో వదులుతారు,” అన్నాడు.

గేదెని కట్టేసినట్టు కట్టేశారనుకుని తాడు కోసం వెతికాను.

“నువ్వు విప్పెయ్ నాన్నా!” అని ఏడ్చాను.

నాన్న కాలువలోకి దిగి, ఇసకలో బోర్లా పడుకుని చేతులాడించాడు. నేనూ పక్కనే పడుకుని ఈదాను. గోరువెచ్చటి ఇసక నిజంగానే నన్ను మోసుకుపోతున్నట్టనిపించింది. గట్టు మీద అమ్మ పడీపడీ నవ్వింది.

నాన్నకి ఈత రాదనీ, కాలువ కట్టేశారని తెలిసే ఆ సాయంత్రం బయల్దేరాడనీ నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.