సెయింట్ ఆల్బన్స్ లోయలో వెన్న తీసిన సైకిల్

నేను రెండోసారి ఆ లోయకి వెళ్ళడానికి ఒకటే కారణం: మొదటిసారి వెళ్ళి పరువు పోగొట్టుకుని రావడం. వైటూకే ఏడాది, అంటే రెండువేల సంవత్సరం అది. అంతకు ముందు సంవత్సరమంతా సిడ్నీలో ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లోని రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేస్తూ కుర్చీకి అతుక్కుపోయాను. జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు గానీ నా నడుం మాత్రం పట్టేసింది. డాక్టరు ఒళ్ళు కదిలించమంటే ఒక సెకండ్‌హ్యాండ్ మౌంటెన్ బైక్ కొన్నాను. నాలుగు వారాలు పార్కులో తిరిగి, ఇక నాకు ఎదురే లేదనుకుని, ఫిబ్రవరి ఎండలో వైజ్‌మన్స్ ఫెర్రీ నుంచి సెయింట్ ఆల్బన్స్ దాకా మెక్‌డొనాల్డ్ నది వెంబడి పోయే కంకర రోడ్డెక్కాను. సగం దారిలో చతికిలబడ్డాను. ఒక రైతు జాలిపడి నన్నూ నా సైకిల్నీ తన యూట్‌లో, అంటే వెనక తొట్టి ఉండే చిన్న ట్రక్కులో, ఎక్కించుకొచ్చి ఫెర్రీ దగ్గర దింపాడు.

ఆ సంగతి నాకంటే ముందే గిరావీన్ చేరింది. మా పేటలో తెలుగువాళ్ళం శనివారం శనివారం ఒకరింట్లో చేరి, తలా ఒక వంటకం తెచ్చుకుని తింటాం. ఆ గుంపుకి పెద్దదిక్కు మూర్తి అంకుల్. మా అందరికంటే ముందొచ్చి స్థిరపడ్డ మనిషి, మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు. "ఏమ్మా యూట్ రాణీ, పులిహోర బాగా కుదిరింది. ఇక్కడిదాకా నువ్వే తెచ్చావా, ఎవరైనా లిఫ్ట్ ఇచ్చారా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక ఒళ్ళు మండేది. ఎనిమిది నెలలు ఇదే పాట. ఒలింపిక్స్ సందడి అయిపోయి వసంతం వచ్చేసరికి ఒకటి గట్టిగా అనుకున్నాను. ఈసారి ఆ లోయ మొత్తం నా కాళ్ళతోనే తిరిగి రావాలి, ఎవరి బండీ ఎక్కకూడదు.

తోడుకి షమీమ్ వచ్చింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు, నెల్లూరు పిల్ల, నాకంటే ఆరేళ్ళు చిన్న. డ్యూటీకి సైకిల్ మీదే వెళ్ళొస్తుంది కాబట్టి పిక్కలు ఉక్కులా ఉంటాయి. మా ఆయన వ్యాన్‌లో సైకిళ్ళు వేసుకుని ఓల్డ్ నార్తర్న్ రోడ్డు మీద డ్యూరల్, గ్లెనోరీ దాటించి, గంటంపావులో మమ్మల్ని వైజ్‌మన్స్ ఫెర్రీలో దింపాడు. నది ఒడ్డున పార్కులో మడత కుర్చీ వేసుకుని, "సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు, గుర్తుంచుకో," అన్నాడు. గుర్తుంచుకోకేం? పోయినసారి ఆ ఫోన్నే పైకెత్తి పట్టుకుని రోడ్డంతా తిరిగాను.

నది దాటించే పంటుకి టికెట్ లేదు, రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఎనిమిదిన్నరకి అవతలి ఒడ్డున దిగి ఎడమకి తిరిగాం. అక్కణ్ణించి సెయింట్ ఆల్బన్స్ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కుడి చేతి వైపు నిట్టనిలువు ఇసకరాతి గుట్టలు, ఎడమ చేతి వైపు నది. మొదట వెడల్పైన హాక్స్‌బరీ, కాసేపటికి అందులో కలిసే సన్నటి మెక్‌డొనాల్డ్. ఇసుక తిన్నెల మధ్య పాదాలు మునిగేంత నీళ్ళు, పచ్చిక బయళ్ళలో గుర్రాలు, అక్కడక్కడా పాత రాతి ఇళ్ళు. పొద్దుటి ఎండలో లోయంతా అంత అందంగా ఉంటే, పోయినసారి ఇదంతా నేను చూడనే లేదని అప్పుడర్థమైంది. అప్పుడు నా కళ్ళు ముందు చక్రం మీదే ఉన్నాయి.

రోడ్డు సంగతి చెప్పాలి. కంకర వదులుగా ఉన్నచోట చక్రం పక్కకి జారుతుంది. బండ్లు తిరిగి తిరిగి గట్టిపడ్డచోట నేలంతా రేకు పైకప్పులా గాట్లు పడి ఉంటుంది. దాని మీద పోతుంటే పళ్ళు కూడా టకటకలాడతాయి. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుంటే నయం. ఈ కిటుకు షమీమ్‌దే.

పది కిలోమీటర్లయ్యాక దాహమేసి సీసా ఎత్తాను. ఎంత పిండినా చుక్క రాలేదు. షమీమ్ కూడా తన సీసా పిండుతోంది.

"ఏందక్కా ఇది? లోపల ఏందో అడ్డం పడుండాది."

మూత తిప్పి చూస్తే వెన్న! సీసా మెడ నిండా తెల్లటి ముద్దలు, అడుగున పలచటి నీళ్ళు. తప్పు నాదే. నాలుగు సీసాల్లోనూ మంచినీళ్ళకి బదులు మజ్జిగ పోసింది నేనే. ఎండన పోతూ మజ్జిగ లేకుండా ఎలా అని నా పట్టుదల. అదొక్కటే అయితే పర్వాలేదు. ఈ దేశం పాలకి మీగడ కట్టదని, తోడు పెట్టేముందు పాలలో డబ్బాడు క్రీమ్ కలిపాను. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి, ఉప్పేసి, కమ్మగా కలిపి సీసాల్లో నింపాను. మిగతా పని రోడ్డు చేసింది.

షమీమ్ సైకిల్ పక్కన పడేసి రోడ్డు మీదే కూలబడి నవ్వింది. "గంటన్నర్లో నాలుగు సీసాల మజ్జిగ చిలికినావక్కా! మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాల, కవ్వం అమ్మేయమని." నాకూ నవ్వాగలేదు. కానీ అడుగున మిగిలింది తాగితే ఉప్పుకి దాహం ఇంకా పెరిగింది. ఇంకో రెండు కిలోమీటర్లకి నాలుక పిడచకట్టుకుపోయింది, కాళ్ళు వణకడం మొదలెట్టాయి. పోయినసారి కూలబడిన మలుపు కూడా అదే. భయమేసింది. మళ్ళీ ఇక్కడేనా అనుకున్నాను.

మలుపు తిరగ్గానే ఒక ఇల్లు, వాకిట్లో వాననీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఒక ముసలామె గులాబీలు కత్తిరిస్తోంది. నీళ్ళడిగితే నవ్వుతూ కుళాయి విప్పింది. అంతలో వెనక షెడ్డులోంచి వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ఫిబ్రవరి నాటి యూట్ రైతే. ఆయన పేరు బిల్, ఆమె ఆయన భార్య మార్గరెట్, ఆయన పిలుపులో మార్జ్.

"మార్జ్, దిస్ ఈజ్ మై పాసెంజర్!" అన్నాడు బిల్, చిన్ననాటి స్నేహితురాలు కనిపించినంత సంబరంగా.

నా సీసా కడగబోయి మార్గరెట్ ఆగిపోయింది. "ఈజ్ దట్ బటర్?" జరిగింది చెప్తే, పొట్ట పట్టుకుని నవ్వుతూ మమ్మల్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. చిన్నప్పుడు వాళ్ళమ్మతో ఇంట్లో వెన్న తీసేదట. సీసాలన్నీ ఒక గిన్నెలో వంచి, చల్లటి నీళ్ళతో వెన్న కడిగి, చెక్క గరిటెతో నొక్కి నీరంతా తీసింది. పెద్ద నిమ్మకాయంత ముద్దయింది. బ్రెడ్డు మీద రాసి తలా ఒక ముక్క ఇచ్చింది. బిల్ నమిలి, కళ్ళు పెద్దవి చేసి, "గాట్ ఎ బిట్ ఆఫ్ కిక్, దట్," అన్నాడు. పచ్చిమిర్చి తగిలుంటుంది. ఇంకో ముక్క కూడా తీసుకున్నాడు. మిగిలిన వెన్న మార్గరెట్ వెన్నకాగితంలో చుట్టి, తడిగుడ్డలో పెట్టి నా సంచిలో వేసింది.

బయటికొచ్చేసరికి బిల్ యూట్ తాళాలు ఊపుతున్నాడు. ఆయన కూడా సెయింట్ ఆల్బన్స్‌కే వెళ్తున్నాడట. "సైకిళ్ళు వెనకెయ్యండి. అక్కడ పబ్బులో లంచ్ రెండింటికి కట్టేస్తారు," అన్నాడు. ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది, పన్నెండు దాటింది, నా కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. ఎక్కాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఊళ్ళో దిగితే గిరావీన్‌లో ఎవరికి తెలుస్తుంది? షమీమ్ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"థాంక్యూ బిల్. టుడే ఐ యామ్ నాట్ యువర్ పాసెంజర్," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి టోపీ తీశాడు. "దెన్ ఐల్ టెల్ దెమ్ టు హోల్డ్ యువర్ లంచ్," అంటూ దుమ్ము లేపుకుంటూ ముందు వెళ్ళిపోయాడు.

ఆ తొమ్మిది కిలోమీటర్లూ కష్టమే. ఊరు దగ్గరపడ్డాక ఒక ఎత్తొచ్చింది, పొడుగు లేదు గానీ నిటారుగా ఉంది, మీద వదులు కంకర. నేను కంగారుగా పెడల్ మీద లేచి నిలబడగానే వెనక చక్రం జారింది.

"కూచోక్కా, కూచో! బరువు వెనక్కి ఎయ్యి. చిన్న గేర్‌లో మెల్లంగా తొక్కు. నిలబడ్డావా, జారిపోతావ్," అరిచింది షమీమ్ పైనుంచి.

కూచున్నాను. పళ్ళు బిగించి, మూర్తి అంకుల్ మొహాన్ని తలచుకుని, ఒక్కో పెడలూ తొక్కాను. గట్టు మీదికి చేరేసరికి కింద వంతెన, దాని అవతల పాత రాతి పబ్బు, అరుగు మీద బిల్! మమ్మల్ని చూసి ఈలేశాడు. బల్లల దగ్గర కూచున్నవాళ్ళు మేమెవరో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. నేను వంతెన మీద రెండు చేతులూ వదిలేసి అరిచాను, ఏమరిచానో నాకే తెలీదు. ఒంటిగంటన్నర. షమీమ్ కోసం, నా కోసం చీజ్ శాండ్‌విచ్, చిప్స్, సలాడ్ పక్కన తీసి ఉంచారు, తలా పది డాలర్లు. జీవితంలో అంత రుచైన చిప్స్ తినలేదు.

తిరుగు ప్రయాణం నదికి ఆవలి ఒడ్డున. అటువైపు తారు రోడ్డు, గాలి వీపు వెనక. పాటలు పాడుకుంటూ గంటన్నరలో వెబ్స్ క్రీక్ పంటు దగ్గరికి వచ్చేశాం. అదీ ఉచితమే. అది దాటితే వైజ్‌మన్స్ ఫెర్రీ పక్కనే. పార్కులో మా ఆయన కుర్చీలోంచి లేచి, ముందు రోడ్డు మీద యూట్ ఏదైనా ఉందేమోనని చూశాడు. తరవాత నన్ను చూశాడు. ఆ చూపు చాలు నాకు. వెన్న పొట్లం ఐసుపెట్టెలో పెట్టి ఇంటికొచ్చాం.

శనివారం వేడన్నం, కందిపప్పు. మూర్తి అంకుల్ కంచం పట్టుకుని వచ్చి, "ఈసారి యూట్ రంగేంటమ్మా?" అన్నాడు. నేను ఆయన పప్పన్నంలో ఇంత వెన్న వేశాను. కలుపుకుని తిని ఆగాడు.

"ఎక్కడిదమ్మా ఇది? కరివేపాకు వాసనొస్తోంది!"

"సెయింట్ ఆల్బన్స్ రోడ్డు మీద నా సైకిల్ తీసింది అంకుల్. మొత్తం తొక్కితేనే ఇంత వచ్చింది."

ఆయన కంచం మళ్ళీ ముందుకు చాచాడు. ఆ రోజు తరవాత యూట్ మాట ఎత్తలేదు.

ఇన్నేళ్ళలో చాలా రోడ్లు తొక్కాను, ఇంతకంటే పెద్దవి, కష్టమైనవి కూడా. కానీ మనసు నీరసించినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ ఇంటి వాకిలి, బిల్ చేతిలో ఊగుతున్న తాళాలు. ఆ రోజు నన్ను గెలిపించింది కాళ్ళు కాదు, వద్దని చెప్పిన ఆ ఒక్క మాట. మీరూ ఆ లోయకి వెళ్తుంటే కంకర ఒడ్డున వెళ్ళి తారు ఒడ్డున రండి, సీసాల్లో మంచినీళ్ళే పోసుకోండి. మజ్జిగ లేకుండా మీ వల్ల కాకపోతే, వెన్నకి ఒక డబ్బా కూడా పెట్టుకెళ్ళండి.